బెత్తెడు ఎత్తు పెరిగిన జీపు

మా చర్చి సంఘంలో ఎవరినడిగినా ఒకే కథ చెబుతారు. కోత పండుగ వేలంలో భార్యాభర్తలిద్దరూ పంతానికి పోయి, సొంత జీపు టైర్లని ఒకరి మీద ఒకరు పాడుకున్నారట. నేను గొంతు చించుకుంటుంటే ఆయన పాపం నోరెత్తకుండా నిలబడ్డారట. ఏలూరులో మొదలైన ఈ కథ తాడేపల్లిగూడెం చేరేసరికి నేను మైకు లాక్కున్నానన్నది కూడా కలిసింది. తణుకులో ఉన్న మా చెల్లెలు ఫోన్ చేసి, "నిజంగా చెప్పు తీశావా అక్కా?" అనడిగింది.

చెప్పు తీయలేదు. మైకు లాక్కోలేదు. పంతానికీ పోలేదు. పంతమంటే ఎదుట ఉన్నదెవరో తెలిసి పట్టేది. నా మీద పాడుతున్నదెవరో నాకు తెలియదు. ఆయనకి తెలుసా తెలియదా అన్నది చివర్లో వస్తుంది. ముందు టైర్ల గురించి చెప్పనివ్వండి. ఈ కథ చెప్పేవాళ్ళెవరూ టైర్ల జోలికి పోరు, సరాసరి నా నోటి దగ్గరికి వచ్చేస్తారు.

మా ఆయనది చేపల మేత వ్యాపారం. తవుడు, వేరుశనగ చెక్క, బస్తాల మేత. చెరువుల చుట్టూ తిరగాలి కాబట్టి నాలుగు చక్రాలూ లాగే జీపు ఒకటి పాతది కొన్నారు. సోమవారం నుంచి శుక్రవారం దాకా ఆ జీపు ఆయనది. ఆదివారం గుడికి నడిచే వెళ్తాం. శనివారం మాత్రం అది మా అత్తయ్యగారిది.

ఎందుకంటే అత్తయ్యగారి చెల్లెలు కొల్లేటి లంకలో ఉంటుంది. గుండుగొలను దగ్గర హైవే దిగి దక్షిణానికి పోతే, తారు రోడ్డు అయిపోయి, సిమెంటు రోడ్డు అయిపోయి, చివరికి రెండు చేపల చెరువుల మధ్య గట్టే దారిగా మిగులుతుంది. ఆ గట్టు చివర చిన్నత్తయ్య ఇల్లు. ఆవిడకి తుంటి విరిగిన దగ్గర్నుంచి గుమ్మం దాటలేదు. చెవులు కూడా బాగా మందగించాయి. ఫోన్ ఇస్తే దాన్ని బుగ్గకి ఆనించుకుని, "ఎవరూ? ఎవరూ?" అని అరిచి పెట్టేస్తుంది. కాబట్టి అక్కచెల్లెళ్ళు మాట్లాడుకోవాలంటే ఒకటే దారి. ఈవిడ అక్కడికి వెళ్ళాలి, మంచం మీద చెవి పక్కన కూర్చోవాలి. డెబ్బై దాటిన ఇద్దరూ వారానికోసారి అలా కూర్చుని, అరవై ఏళ్ళ కిందట ఎవరి వాటా జామకాయ ఎవరు తిన్నారో తేల్చుకుంటూ ఉంటారు. ఇంకా తేలలేదు.

పోయిన వానాకాలం ఒక శనివారం ఆ గట్టు మీద జీపు దిగబడిపోయింది. కొల్లేటి మట్టి ఎండితే ఇటుక, తడిస్తే వెన్న. చక్రాలు తిరుగుతున్నాయి, బండి మాత్రం నిమ్మళంగా కిందికి దిగుతోంది. మా ఆయన దిగి, బండి చుట్టూ తిరిగి, ప్రతి చక్రాన్నీ పేషెంటుని చూసినట్టు చూసి, చెప్పు ఒకటి బురదకి సమర్పించుకుని వచ్చారు. వెనక సీట్లో అత్తయ్యగారు కళ్ళు మూసుకుని పెదవులు కదుపుతున్నారు. చివరికి చెరువు మీద పని చేసేవాళ్ళ ట్రాక్టరు వచ్చి లాగింది. అత్తయ్యగారు కళ్ళు తెరిచి "స్తోత్రం" అన్నారు. ఆ కళ్ళు మూసుకున్నప్పుడు ఆవిడ దేవుడికి ఏం మాట ఇచ్చారో మాకెవరికీ తెలియదు. తెలిసేసరికి మా కొంప మునిగింది.

ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కోకుండానే ఆయన ప్రకటించారు. "టైర్లు మార్చాలి. పెద్దవి వెయ్యాలి."

"టైర్లకేమైంది? నిరుడే కదా వేశారు."

"అవి రోడ్డు టైర్లు. మనకి కావలసింది బురద టైర్లు."

"వాన పడ్డ శనివారం మానేస్తే సరిపోదూ?"

"అమ్మ శనివారం మానడమా?" అన్నారు, నేనేదో ఆవిడని అడవిలో వదిలేసి రమ్మన్నట్టు.

ఇక్కడ ఒక మాట న్యాయంగా రాయాలి. పెద్ద టైర్లు ఆయన సరదా కోసం కొన్నారని మా సంఘంలో ఒక వర్గం అంటుంది. కాదు. అమ్మ కోసమే మొదలుపెట్టారు. సరదా మధ్యలో ఎక్కింది, తాడేపల్లిగూడెం టైర్ల షాపుకి వెళ్ళేలోపే.

ఎక్కించింది మా అన్నయ్య. అంటే ఆయన మేనత్త కొడుకు, నన్ను చెల్లెమ్మా అని పిలిచే మనిషి. చెరువులున్నాయి, తీరిక ఉంది, ఫోన్లో అన్‌లిమిటెడ్ డేటా ఉంది. రోజూ సాయంత్రం మా వరండాలో కూర్చుని ఇద్దరూ వీడియోలు చూసేవారు. ఎడారిలో ఎగిరే జీపులు, మంచుకొండ ఎక్కే జీపులు, ఏట్లో మునిగి తేలే జీపులు. నేను టీ ఇచ్చి వెనక నిలబడి చూశాను.

"అన్నయ్యా, ఇన్ని జీపుల్లో ఒక్కదాంట్లోనూ మోకాళ్ళ నొప్పులున్న ముసలావిడ కనబడదేం?"

"నువ్వు ప్రతిదానికీ అడ్డం పడతావు చెల్లెమ్మా. టైరంటే టెక్నికల్ విషయం."

"టెక్నికలే కదా. నేను హైస్కూల్లో లెక్కలు చెప్పుకుని బతుకుతున్నాను. చెప్పండి, వింటాను."

చెప్పలేకపోయారు. టైరు పక్కన ముద్రించిన అంకెలకి అర్థం నేనే చెప్పాల్సి వచ్చింది. మొదటిది వెడల్పు, మిల్లీమీటర్లలో. రెండోది ఆ వెడల్పులో ఎన్నో వంతు టైరు గోడ ఎత్తు. మూడోది లోపలి రిమ్ము, అంగుళాల్లో. మూడు కొలతలు, రెండు పద్ధతులు. ఇలా లెక్క రాస్తే నేను పిల్లలకి మార్కులు తీసేస్తాను.

"మీరు చెబుతున్న టైరు మన టైరు కంటే రెండున్నర అంగుళాలు పెద్దది. బండి అందులో సగం పైకి లేస్తుంది" అన్నాను.

"సగమే కదా!" అన్నారు ఇద్దరూ ఒకేసారి, తగ్గింపు ధర విన్నట్టు.

తాడేపల్లిగూడెంలో ఉల్లిపాయల లారీలు బారులు తీరే రోడ్డు మీద ఆ టైర్ల షాపు. లారీ టైర్ల మధ్యలో మా జీపు పసిపిల్లలా నిలబడింది. షాపాయన మంచి మాటకారి. నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, కూల్ డ్రింక్ తెప్పించి, ఆ తర్వాత నా వైపు చూడటం మానేశాడు.

రెండు రకాలు బయట పెట్టాడు. ఒకటి రోడ్డుకీ బురదకీ మధ్యస్థంగా ఉండేది. రెండోది పూర్తి బురద టైరు. దాని మీద గుబ్బలు గేదె డెక్కలంత ఉన్నాయి. మా ఆయన రెండోదాని గాడిలో వేలు పెట్టారు. ఆ వేలు మళ్ళీ బయటికి వచ్చేసరికి బేరం అయిపోయింది.

నేనడిగాను. "ఇది తారు రోడ్డు మీద మోత మోగుతుందా?"

"ఆయ్, కొంచెం హమ్మింగ్ ఉంటదండి. పాటలు పెట్టుకుంటే వినపడదండి."

"డీజిలు ఎక్కువ తాగుతుందా?"

"కొంచెం తాగుద్దండి."

"స్పీడు మీటరు తప్పు చూపిస్తుంది కదా?"

"తక్కువ చూపిస్తదండి. పోలీసులు ఆపినప్పుడు మీరు అదే చెప్పొచ్చండి."

"మరి ఇందులో సుఖం ఏమిటండీ?"

షాపాయన చేయి టైరు మీద వేసి, గొంతు తగ్గించి అన్నాడు. "మేడమ్ గారూ, ఇది టైరు కాదండి. కాన్ఫిడెన్సండి."

"ఆయనకి అది పుట్టుకతోనే ఉందండీ. మీరు టైరు చూపించండి చాలు."

మాతో వచ్చిన అన్నయ్య నవ్వాడు. మా ఆయన నవ్వలేదు. టైరు చుట్టూ తిరుగుతున్నారు. పెళ్ళిచూపుల్లో నన్ను అంత సేపు చూడలేదు. చూసుంటే నాకూ ఈ బాధ తప్పేది.

బిగించాక స్టీరింగు పూర్తిగా తిప్పితే టైరు లోపల రాసుకుంటోంది. అందుకని స్ప్రింగుల దగ్గర దిమ్మలు పెట్టి బండిని పైకి లేపాలన్నాడు షాపాయన. లేపారు. అప్పుడూ ఫుట్‌బోర్డు ముందు కొస టైరుకి తగులుతోంది. అది ఊడదీయాలన్నాడు. ఊడదీశారు. అటు పక్కదీ ఊడదీశారు, సమానంగా ఉండాలని. నాలుగే కొన్నాం కాబట్టి వెనక తలుపుకి తగిలించిన స్టెప్నీ మాత్రం పాతదే ఉంది, మేనమామలందరూ పొడుగైన ఇంట్లో పుట్టిన పొట్టి పిల్లాడిలా.

"ఏవండీ, మొత్తం ఎంత లేచింది?" అన్నాను.

"ఎంతో లేదు. బెత్తెడు."

"మీకు బెత్తెడు. మోకాలు వంగని మనిషికి అది మేడ."

"అమ్మ గట్టిది" అన్నారు. తీసిన పాత టైర్లు నాలుగూ వెనక వేసుకుని, హైవే పొడవునా తేనెటీగల గుంపులా రొద చేసుకుంటూ ఏలూరు వచ్చాం. ఆయన మధ్యమధ్య పక్క కార్ల కప్పుల్ని పైనుంచి చూసి తృప్తి పడుతున్నారు.

అత్తయ్యగారు వాకిట్లోకి వచ్చి చూశారు. "బాగుందిరా, ఏనుగులా ఉంది" అన్నారు. ఆ మాటతో ఆయన మురిసిపోయారు. ఏనుగెక్కడానికి మావటి ఉంటాడనీ, అది కూర్చుంటుందనీ ఎవరికీ తట్టలేదు.

శనివారం వచ్చింది. అత్తయ్యగారు తెల్ల చీర కట్టుకుని, చెల్లెలి సంచి పట్టుకుని బయలుదేరారు. ఆ సంచిలో ప్రతి వారం కారప్పొడి డబ్బా, మెత్తటి బిస్కెట్లు, మోకాళ్ళకి రాసే నూనె ఉంటాయి. తలుపు తీశారు. కాలెత్తారు. ఇదివరకు ఆ కాలు ఫుట్‌బోర్డు మీద పడేది, చెయ్యి కడ్డీ పట్టుకునేది, "ప్రభువా" అనేసరికి లోపల ఉండేవారు. ఇప్పుడు కాలు గాలిలో ఉండిపోయింది.

"ఎత్తుతానుండమ్మా" అని ఆయన వెనక నుంచి నడుం పట్టుకోబోయారు.

"ఒరేయ్! నేనేమన్నా తవుడు బస్తానట్రా?"

నేను వంటింట్లోంచి పీట తెచ్చాను. పీట చాలలేదు. పీట మీద ఇంకో పీట వేస్తే ఊగింది. చివరికి పక్కింటి వాళ్ళ ఎత్తు స్టూలు తెచ్చి, నేను ముందు నుంచి లాగి, ఆయన వెనక నుంచి, బస్తా అనిపించకుండా, చాలా మర్యాదగా తోసి లోపలికి చేర్చాం. స్టూలు కూడా జీపులో వేసుకున్నాం.

గట్టు మీద బురద అలాగే ఉంది. అబద్ధమెందుకు, బండి వెళ్ళింది. పోయిన వారం మమ్మల్ని మింగిన చోట ఈసారి చప్పుడు లేకుండా దాటింది. ఆయన అద్దంలోంచి నా మొహం చూశారు. నేను చెరువు వైపు చూశాను.

చిన్నత్తయ్య ఇంటి ముందు ఆపి స్టూలు దించాం. వేసిన స్టూలు వేసినట్టే బురదలోకి దిగిపోయింది. నాలుగు కాళ్ళూ లోపలికి పోయి, పైన పలక మాత్రం తేలింది. దాని మీద అడుగు వేయమంటే అత్తయ్యగారు నన్ను చూసిన చూపు మా మామగారు బతికుండగా చాలాసార్లు చూసి ఉంటారు. స్టూలు కింద వేద్దామని ఇల్లంతా వెతికితే ఒక చెక్క పలక దొరికింది, అది పుచ్చిపోయి ఉంది.

"నేను దిగనర్రా. ఇక్కడే కూర్చుంటా" అన్నారు.

జీపు అరుగు దగ్గరికి రాదు, మధ్యలో కాలవ. చిన్నత్తయ్య మంచం దిగి రాదు. మంచాన్ని అరుగు మీదికి లాగాం. కాలవకి అటు ఆవిడ, ఇటు జీపులో ఈవిడ. ఒకావిడకి చెవులు లేవు, ఒకావిడకి మోకాళ్ళు లేవు. ఇక మొదలైంది.

"ఏవే! దిగవేం?" అని అరిచింది చిన్నత్తయ్య.

"టైర్లు పెద్దవయ్యాయే!"

"ఎవరికి పెద్దవయ్యాయి?"

"టైర్లే! జీపు టైర్లు!"

"ఎందుకూ?"

"నీ దగ్గరికి రావడానికే!"

"వచ్చి దిగవేం మరీ?"

చెరువులో మేత సంచులు కడుతున్నవాళ్ళు పడవ ఆపి వింటున్నారు. పక్కింటివాళ్ళు అరుగుల మీదికి వచ్చారు. ఇన్నేళ్ళూ చెవి పక్కన గుసగుసగా నడిచిన సంగతులన్నీ ఆ మధ్యాహ్నం కొల్లేటి గాలికెక్కాయి. ఎవరి కోడలు వేరు పడింది, ఎవరికి మొలలు, ఎవరు జామకాయ తిన్నారు.

"నీ కోడలెలా ఉందే?"

"ఉందిలే! నోరు తగ్గలేదు!"

"మా వాడు పాపం ఓపిక్కలవాడే!"

"ఆఁ! వాళ్ళ నాన్న పోలికే!"

నేను జీపుకి ఆనుకునే నిలబడి ఉన్నాను. పడవలో వాళ్ళు నన్ను చూసి తల ఊపారు. అత్తయ్యగారికి చేపల పులుసన్నం పళ్ళెం కిటికీలోంచి అందించాను. ఆవిడ తిని, చేయి కిటికీలోంచే కడుక్కుని, "పద పోదాం" అన్నారు. చిన్నత్తయ్య చేయి ఊపలేదు. ముఖం గోడ వైపు తిప్పుకుంది. అలిగిందో, అలసిందో, అంత దూరం నుంచి తెలియలేదు.

ఆ తర్వాతి శనివారం అత్తయ్యగారు తయారవలేదు. "మోకాళ్ళు లాగుతున్నాయి. నువ్వెళ్ళి సంచి ఇచ్చి రారా" అన్నారు కొడుకుతో. ఆయన వెళ్ళారు. అన్నయ్యని తీసుకెళ్ళారు. గట్టు మీద బండి బురద చిమ్ముతూ వెళ్ళే వీడియో తీసుకుని వచ్చారు. ఆ పై వారం కూడా. అమ్మ కోసం కొన్న టైర్లు అమ్మ లేకుండా అమ్మ చెల్లెలింటికి వెళ్ళొస్తున్నాయి.

నేను ఊరుకుంటానా?

"పాత టైర్లు మళ్ళీ వేయించండి."

"వేస్తే గట్టు మీద దిగబడుతుంది. అమ్మ ఎలా వెళ్తుంది?"

"వెయ్యకపోతే ఎక్కలేదు. అమ్మ ఎలా వెళ్తుంది?"

"ఎక్కడానికి ఏదో ఒకటి చేద్దాం."

"ఏం చేస్తారు? వాకిట్లో మెట్లు కట్టిస్తారు సరే, కొల్లేట్లో కూడా కట్టిస్తారా? వానలు తగ్గుముఖం పడుతున్నాయి, రేపో మాపో గట్టు ఎండుతుంది. పాతవి చాలు. వచ్చే వానలకి వచ్చే వానలప్పుడు చూద్దాం."

"నువ్వు లెక్కల టీచరువి. నీకు బండి సంగతి తెలియదు."

దాని తర్వాత జరిగిన సంభాషణ మా వీధి మొత్తం విన్నది కాబట్టి రాయనక్కర్లేదు. అత్తయ్యగారు మాత్రం ఏ వైపూ మాట్లాడలేదు. శనివారం పొద్దున్నే స్నానం చేసి, సంచి సర్ది, కొడుకు చేతికిచ్చి, జీపు సందు తిరిగేదాకా గేటు దగ్గర నిలబడేవారు. ఒకసారి అడిగితే, "వాడు ముచ్చటపడి వేసుకున్నాడు కదమ్మా" అన్నారు. ఆవిడ నాతో వాదిస్తే నేను గెలిచేదాన్ని. వాదించని మనుషులతోనే నాకు చిక్కు.

ఒకరోజు నిశ్చయించుకున్నాను. ఆయన ఊళ్ళో లేనప్పుడు మెకానిక్కుని పిలిచి పాత టైర్లు నేనే వేయిద్దామని పెరట్లోకి వెళ్ళాను. మల్లె పందిరి దగ్గర ఆనించిన నాలుగు టైర్లూ లేవు. మట్టి మీద వాటి అచ్చులు నాలుగు ఉన్నాయి.

"అత్తయ్యా! టైర్లేవి?"

"కోత పండక్కి ఇచ్చేశానమ్మా" అన్నారు బియ్యం ఏరుతూ. "పొద్దున ఆటో పంపి పట్టుకెళ్ళారు. ఆ రోజు బురదలో మొక్కుకున్నా కదా. క్షేమంగా గట్టెక్కిస్తే, నన్ను గట్టెక్కించినవాటిని నీ సన్నిధిలో పెడతానని."

"మిమ్మల్ని గట్టెక్కించింది ట్రాక్టరు కదత్తయ్యా!"

"ట్రాక్టరు మనది కాదు కదమ్మా."

నేను చెప్పులేసుకుని గుడి దారి పట్టాను.

మా సంఘంలో కోత పండుగంటే తెలియని వాళ్ళ కోసం చెబుతాను. కోతల రోజుల్లో ఎవరికి పండింది వాళ్ళు తెచ్చి గుడిలో ప్రార్థన బల్ల ముందు పెడతారు. వరి కంకులు, అరటి గెలలు, గుమ్మడికాయలు, కోళ్ళు, బకెట్లో కొర్రమేనులు. ఆరాధన అయ్యాక అవన్నీ ఆవరణలో షామియానా కింద వేలం వేస్తారు. దేవుడికి పెట్టింది వెనక్కి తీసుకోకూడదు. కావాలంటే పాడుకోవాలి. అక్కడ ధరలకీ సంతకీ సంబంధం ఉండదు. ఒక కోడిగుడ్డు మీద ఇద్దరు బావమరదులు తగువులాడి కోడిని మించిన ధర కట్టిన సందర్భాలున్నాయి. మా పెద్దలు అలాంటి తగువుల్ని ఆశీర్వాదంగా భావిస్తారు.

సంఘ పెద్ద దగ్గరికి వెళ్ళి, పొరపాటున వచ్చాయి, ఇచ్చేయండి, బదులు ఇంకేదైనా ఇస్తామన్నాను. ఆయన చేతులు కట్టుకుని, ఎంతో మెత్తగా, "అదెలా కుదురుద్దమ్మా? పాటలో పాడుకోండి. టైర్లకి మీకెవరు పోటీ వస్తారు?" అన్నారు.

నిజమే అనుకున్నాను. పండుగ రోజు టైర్లకి ఎవరొస్తారు?

ఆ రోజు ఆడవాళ్ళం ఎడమ పక్క, మగవాళ్ళు కుడి పక్క. అత్తయ్యగారు ముసలమ్మలతో కలిసి ముందు ప్లాస్టిక్ కుర్చీల్లో, అందరికీ ఎదురుగా కూర్చున్నారు. నేను ముందు వరుసలో ఉన్నాను, వెనకేముందో నాకు కనబడదు. ఆయన ఎక్కడ కూర్చున్నారో నేను చూడలేదు. చూడవలసిన అవసరం అప్పటికి లేదు. మాకు నాలుగు రోజులుగా మాటల్లేవు.

గెలలు వెళ్ళాయి, కోళ్ళు వెళ్ళాయి. వరి కంకుల కట్టలు ఆనించిన గోడకే నా టైర్లు కూడా ఆనించారు, వాటి మీద ఎవరో భక్తిగా బంతిపూల దండ వేశారు.

"నాలుగు టైర్లు! ఎక్కువ అరగలేదు! ఒక తల్లి కానుక!" అన్నారు సంఘ పెద్ద మైకులో. ఆయనే పాట మొదలుపెట్టారు. నేను చేయెత్తాను. అయిపోయిందనుకున్నాను.

"వెనకాల నుంచి ఒక సోదరుడు పెంచారు! సోదరీ, మీరేమంటారు?"

ఎవడో పంక్చర్ షాపువాడు అనుకున్నాను. పెంచాను.

"సోదరుడు మళ్ళీ పెంచారు!"

పెంచాను. టైర్ల ధర గుమ్మడికాయల ధర దాటింది. అరటి గెలలన్నీ కలిపిన ధర దాటింది. జనంలో నవ్వులు మొదలయ్యాయి. ఆడమనిషి టైర్లు పాడుతోందని నవ్వుతున్నారనుకుని నాకు ఇంకా ఒళ్ళు మండింది. గొంతు పెంచి, అందరికీ వినబడేలా పాడాను. ఈ ఒక్క ముక్క మాత్రం వాళ్ళ కథలో నిజం.

"సోదరుడు వేలు చూపించారు! సోదరీ?"

"సోదరుడికి నోరు లేదా అండీ? పాడమనండి!" అన్నాను.

జనం గొల్లుమన్నారు. సంఘ పెద్ద మైకు దూరంగా పెట్టుకుని దగ్గారు. ఆయనకి తెలుసు. అందరికీ తెలుసు. పాస్టరుగారు బైబిలు అడ్డం పెట్టుకుని ఏం చేస్తున్నారో దేవుడికే తెలియాలి. పాట కోడిపుంజుని దాటింది, కొర్రమేనుల బకెట్‌ని దాటింది, కొత్త టైరు దరిదాపులకి వచ్చింది. అప్పుడు ముందు కుర్చీలోంచి అత్తయ్యగారు, నా తల మీదుగా వెనక్కి చూస్తూ, చాలా శాంతంగా అన్నారు.

"ఒరేయ్ అబ్బాయ్, ఇక చెయ్యి దించరా. అమ్మాయి గొంతు పోతోంది."

నేను వెనక్కి తిరిగాను. షామియానా గుంజ పక్కన మా ఆయన. ఒక చేతిలో బూందీ పొట్లం. రెండో చేయి నెమ్మదిగా కిందికి దిగుతోంది.

"ఒకటోసారి! రెండోసారి! మూడోసారి!" అని సంఘ పెద్ద ఊపిరి తీసుకోకుండా అనేశారు. నా టైర్లు నాకొచ్చాయి.

ఇంటికి వెళ్తూ అత్తయ్యగారిని అడిగాను. "ఆయనే పాడుతున్నారని మీకు ముందే తెలుసు కదా? మొదట్లోనే చెప్పొచ్చు కదత్తయ్యా?"

"నా కానుక కదమ్మా" అన్నారు ఆవిడ. "కొంచెం పెరగనిద్దామనుకున్నా."

మర్నాడే తాడేపల్లిగూడెం వెళ్ళి పాత టైర్లు వేయించాం. ఆయన అభ్యంతరం చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో కూడా చెప్పలేదు. దిమ్మలు తీశారు, ఫుట్‌బోర్డులు బిగించారు. పెద్ద టైర్లు ఇప్పుడు మా మేత గొడౌన్లో టార్పాలిన్ కింద ఉన్నాయి. ఆయన అప్పుడప్పుడూ టార్పాలిన్ సర్దడానికి వెళ్ళి చాలాసేపు సర్దుతూ ఉంటారు.

ఆ శనివారం గట్టు ఎండిపోయి ఉంది. అత్తయ్యగారు కడ్డీ పట్టుకుని, "ప్రభువా" అని ఎక్కి, "ప్రభువా" అని దిగి, కాలవ దాటి వెళ్ళి, మంచం మీద చెవి పక్కన కూర్చున్నారు. చిన్నత్తయ్య ఆవిడ మోకాలు తడిమి చూసి, "చచ్చిపోయావనుకున్నానే. వాళ్ళు దాస్తున్నారనుకున్నా" అంది. ఆ తర్వాత ఏం మాట్లాడుకున్నారో కొల్లేటికి వినబడలేదు. నాకూ వినబడలేదు. బాగుందనిపించింది.

ఇంతకీ నా ప్రశ్న. టైర్లు వేయిస్తున్న రోజు షాపాయన నాతో, "సార్ పోయిన వారమే ఫోన్ చేసి ఫుట్‌బోర్డులు పారెయ్యొద్దన్నారండి" అన్నాడు. అయితే అమ్మ కోసం పాతవి మళ్ళీ వేద్దామని ఆయనా అనుకున్నారన్నమాట అని నా మనసు కొంచెం మెత్తబడింది. కానీ అంతలోనే, "పెద్ద టైర్ల బండికి మడత నిచ్చెన దొరుకుద్దా అని కూడా అడిగారండి" అన్నాడు. మెత్తబడిన మనసు మళ్ళీ గట్టిపడింది.

అడిగితే ఆయన, "మైకు హోరులో నీ గొంతు గుర్తు పట్టలేదు" అంటారు. సందు మొదట్లో నేను కూరగాయలవాడితో మాట్లాడుతుంటే సందు చివర చొక్కా తొడుక్కుని వెనక గుమ్మంలోంచి జారుకునే మనిషి. నా గొంతు గుర్తు పట్టలేదంటే నమ్మడానికి నేను షాపులో కూల్ డ్రింక్ తాగుతున్న కస్టమర్ని కాదు. నమ్మేవాళ్ళు నమ్మండి. నాకు మాత్రం ఒక్కటే తెలియాలి. ఆ రోజు ఆయన చేయెత్తింది ఆ టైర్లు అమ్మ కోసం ఇంటికి తేవడానికా, నాకు దక్కి ఇంటికి రాకుండా చెయ్యడానికా?